కుజుడితో మా వదిన తగువు

మా వదిన ధనలక్ష్మి కుళ్ళుబోతు. ఆడపడుచును కదా, ఈ మాట నేను ఆమె మొహం మీదే అంటాను. వెనకాల గొణిగి ముందు ఇకిలించే రకాన్ని కాదు నేను. ఆమె కూడా ఏమీ అనుకోదు. "అవును, కుళ్ళే. నా మొగుడు, నా కుళ్ళు. మద్దిలో నీకేటి?" అంటుంది.

లోకంలో ఆడవాళ్ళు పక్కింటి చీర చూసో, ఎదురింటి నగ చూసో కుళ్ళుకుంటారు. మా వదినకు అవేవీ పట్టవు. కంచరపాలెంలో మా వీధి వీధంతా కొత్త ఏసీలు పెట్టించుకున్నా తలెత్తి చూడలేదు. ఆమె కుళ్ళంతా మా అన్నయ్య జగ్గారావు దేని మీద మనసు పెడితే దాని మీదే. ఆదివారం పూట ఆయన స్కూటరు కడుగుతుంటే గుమ్మంలో నిలబడి పళ్ళు నూరుతుంది. ఫోన్లో క్రికెట్టు చూస్తుంటే ఫోను మీద కుళ్ళు. మా అమ్మ బతికున్న రోజుల్లో ఆమె చేతి చేపల పులుసు బాగుందని అన్నయ్య ఒక్క మాట అన్నాడు. అమ్మ పోయి ఏళ్ళు గడిచాయి, ఆ పులుసు మాటెత్తితే వదిన మూతి ఇప్పటికీ ముడుచుకుపోతుంది.

అలాంటి మనిషికి ఆఖరికి ఒక గ్రహం మీద కుళ్ళు పుట్టింది. ఊరికే పుట్టలేదు లెండి. వదినకూ కుజుడికీ మధ్య పాత తగువు ఉంది.

వదినది విజయనగరం అవతల పల్లెటూరు, వ్యవసాయం చేసుకునే ఇల్లు. పెళ్ళీడు వచ్చాక సిద్ధాంతి జాతకం తిరగేసి, కుజదోషం ఉంది, మొగుడికి మంచిది కాదన్నాడు. ఇంకేముంది, వచ్చిన సంబంధం వచ్చినట్టే వెనక్కి పోయేది. చెల్లెళ్ళకు పెళ్ళిళ్ళయ్యాయి, పిల్లలు పుట్టారు, ఆ పిల్లల బారసాలలకు ఈమె వెళ్ళి వంటలు చేసి వచ్చేది. అప్పుడు మా అన్నయ్య పెళ్ళిచూపులకు వెళ్ళాడు. పెద్దవాళ్ళు దోషం సంగతి నసుగుతుంటే, "ఆకాశంలో ఎక్కడో ఉన్నోడికి మా ఇంట్లో పనేటి బాబూ? పిల్ల నాకు నచ్చినాది" అన్నాడట. ఆ మాటకు వదిన ఈనాటికీ కరిగిపోతుంది. కరిగిపోతూనే ప్రతి మంగళవారం ఎర్రగుడ్డలో కందులు మూటగట్టి దానం ఇస్తుంది, కుజుడి ధాన్యం కందులే కదా. నేను వన్ టౌన్‌లో పప్పుల హోల్‌సేల్ కొట్లో బిల్లులు కొడతాను కాబట్టి ఆ కందులు మోసుకొచ్చే పని నాది.

ఇక మా అన్నయ్య. చిన్న వయసు నుంచి పోర్టు దగ్గర ఓడలు బాగుచేసే షెడ్డులో ఫిట్టరు పని చేశాడు. మాట బహు తక్కువ. ఇనప ముక్క మీద వేలు రాసి ఎక్కడ ఎత్తుందో ఎక్కడ పల్లముందో చెప్పేస్తాడు. ఆ షెడ్డు మూతపడ్డాక ఆటోనగర్‌లో ఒక ప్రైవేటు కంపెనీలో చేరాడు. వాళ్ళు చిన్న చిన్న యంత్రభాగాలు చేస్తారు, తల వెంట్రుక మందం తేడా వచ్చినా అవతల పారేస్తారు. అన్నయ్యకు అక్కడ ప్రాణం లేచొచ్చింది.

ఒక సాయంత్రం ఆయన జిలేబీ పొట్లం పట్టుకొచ్చాడు. నేనూ అక్కడే ఉన్నాను.

"కొత్త పని ఇచ్చినారే" అన్నాడు వదినతో. "మనుషుల్లేకుండా తనంతట తనే తిరిగే బండంట. దానికి సెయ్యుంటాది. మట్టి తవ్వి, రాయి పట్టుకుని సూత్తాది. ఆ సేతికి మణికట్టు నాను బిగించాల."

ఇంత పొడుగు మాట ఆయన నోటి వెంట రావడం నేను పుట్టి బుద్ధెరిగి వినలేదు.

"ఎక్కడ తిరుగుతాదేటి ఆ బండి?" అంది వదిన జిలేబీ కొరుకుతూ.

"కుజుడి మీద."

వదిన దవడ ఆగిపోయింది. "ఏ కుజుడు?"

"ఎంతమంది ఉంటారే కుజులు? ఆడే."

"ఓలమ్మో! నా పెళ్ళి ఆపినోడి కాడికి నా మొగుడు సెయ్యి సేసి పంపుతాడా! సత్యా, ఇన్నావా ఈ ఇడ్డూరం?"

నేను నవ్వు ఆపుకోలేక వంటింట్లోకి పారిపోయాను.

ఆ రోజు నవ్వాను గానీ, తర్వాత నవ్వే పని లేకపోయింది. ఆ చెయ్యి బిగించే గదిని క్లీన్ రూమంటారు. అద్దాల గది. లోపలికి వెళ్ళేవాళ్ళు తల నుంచి కాలి దాకా తెల్ల ముసుగు తొడుక్కోవాలి, కళ్ళు తప్ప ఏమీ కనపడవు. మొహానికి పౌడరు రాయకూడదు, తలకు నూనె పెట్టకూడదు, బొట్టు వద్దు, ఉంగరం వద్దు. సిగరెట్టు తాగితే ఊపిరిలోంచి పొగ నుసి రాలుతుందట, అదీ వద్దు. అన్నయ్య ఆ సాయంత్రమే ఉన్న పెట్టె తీసుకెళ్ళి చెత్తబుట్టలో పారేసి వచ్చాడు.

వదినకు అక్కడ అంటుకుంది. "కొడుకు కడుపులో ఉన్నప్పుడు వాసన పడక కక్కుకుంటంటే మాననేదు. ఇనప సెయ్యి కోసం ఒక్క పూటలో మానీసినాడు. నాకు ఇనప సేతులున్నా బాగున్ను" అని నా దగ్గర ఏడ్చింది. కొడుకు చదువుకని హాస్టల్లో ఉన్నాడు, ఆమె చెప్పుకోవడానికి నేనే దిక్కు. ఆమె అన్నదాంట్లో తప్పేమీ కనపడలేదు నాకు.

ఆ మీద మొలతాడు గొడవ వచ్చింది. ఒంటి మీద తాయెత్తు, దారం పోగు ఏదీ ఉండకూడదని కంపెనీలో చెప్పారు. అన్నయ్య స్నానాల గదిలోంచి వస్తూ నల్ల మొలతాడు విప్పి వదిన చేతిలో పెట్టాడు. మా వైపు మగవాడి మొలతాడు తీసేది ఒక్కప్పుడే, పెళ్ళాం చచ్చిపోయినప్పుడు. ఆడదానికి పుస్తెలు తీసినట్టే అది. వదిన ఆ దారం చేతిలో పట్టుకుని గుమ్మంలో కూలబడిపోయింది.

"నాను సచ్చిపోనానా మావా? సెప్పు. సచ్చిపోతే గదా ఇది తియ్యాల. నాను బతికుండగానే నన్ను పాడె ఎక్కించీసినావా?"

"పని కోసమే. పనైపోగానే మల్లీ కట్టుకుంతాను" అన్నాడు అన్నయ్య.

"ఆ కుజుడు నిన్ను తినేత్తాడు. నన్ను ముందు సంపి నిన్ను తింటాడు."

ఆ పూట వదిన అన్నం ముట్టలేదు. అన్నయ్య కంచం ముందు కూర్చుని చాలాసేపు అన్నం కెలికి లేచిపోయాడు.

కొన్నాళ్ళకు కంపెనీవాళ్ళు ఇంటివాళ్ళందరినీ రమ్మన్నారు, అద్దం ఇవతల నుంచి చూడొచ్చని. వదిన పట్టుచీర కట్టి, నన్ను వెంటబెట్టుకుని వెళ్ళింది. లోపల తెల్ల ముసుగుల్లో నలుగురైదుగురు ఉన్నారు. అందులో ఎవరు అన్నయ్యో నాకు తెలియలేదు. వదిన మాత్రం "అల్లక్కడ, ఒంగున్నాడే, ఆయనే" అని ఇట్టే పట్టేసింది. అద్దం మీద గాజులతో టకటకమని కొట్టింది. అన్నయ్య తలెత్తలేదు. బల్ల మీద మిలమిల మెరుస్తున్న ఆ చేతి మీదే ఉంది ఆయన చూపంతా.

అంతలో ఇంకో తెల్ల ముసుగు వచ్చి అన్నయ్య రెండు చేతులూ పట్టుకుంది. సన్నని పుల్లకు పత్తి చుట్టి, ఆయన అరచేతుల్లో, వేళ్ళ సందుల్లో మెల్లగా రాస్తోంది. గ్లవ్స్ ఉన్నాయి, నిజమే. గ్లవ్స్ మీదే రాస్తోంది. ఆ ముసుగులోంచి కాటుక కళ్ళు కనపడ్డాయి.

"అదెవత్తె?" అంది వదిన. ఆ గొంతు విని పక్కన నిలబడ్డవాళ్ళు జరిగారు.

ఆ పిల్ల పేరు రోజలిన్. గోపాలపట్నం పిల్ల. సూక్ష్మజీవుల చదువు చదివింది. గదిలో, యంత్రం మీద, మనుషుల చేతుల మీద కంటికి కనపడని పురుగు ఏదైనా ఉందేమో చూడటం ఆమె ఉద్యోగం. తర్వాత బయటికి వచ్చి ముసుగు తీసి, మా అందరికీ ఓపిగ్గా చెప్పింది. "అక్కడ ప్రాణం ఉన్నదేదైనా ఉందా అని వెతకడానికే కదండీ బండిని పంపేది. మన చేతి మీద పురుగు దానితో పాటు అక్కడికి పోయిందనుకోండి, దాన్నే చూసి అక్కడి జీవి అనుకుంటారు. ఇంత కష్టమూ బూడిదలో పోసినట్టే."

"అంత దూరంలో పురుగు బతుకుతుందా పిల్లా?" అన్నాను నేను. "గాలి లేదు, నీళ్ళు లేవు అంటారు కదా."

"కొన్ని బతుకుతాయి ఆంటీ. గింజలాగ ముడుచుకుని, పెంకు కట్టుకుని నిద్రపోతాయి. వేడికి చావవు, చలికి చావవు. ఏళ్ళ తరబడి అలాగే పడుంటాయి."

వదిన ఆ మాటల్లో ఒక్కటీ వినలేదు. ఆ పిల్ల చేతివేళ్ళ వంక చూస్తూ నిలబడింది. ఇంటికి వచ్చేటప్పుడు ఆటోలో, "నా మొగుడి సేతులు నాను పట్టుకుని ఎన్నాళ్ళయిందో తెలుసా నీకు? ఆ గుంట దినమూ పడతాది" అంది. నేను కసిరాను. "దాని ఉద్యోగం అది, నీ బుర్రకు బూజు పట్టింది" అన్నాను. "నీకేటి తెలుస్తాది" అని మొహం తిప్పుకుంది.

ఆ తర్వాత వదిన చేసిన పని నాకు చాలా రోజుల దాకా తెలియదు. మంగళవారం నా చేత కొత్త గోనెలోంచి కందులు తెప్పించుకుంది. దానానికే అనుకుని తెచ్చిచ్చాను. అన్నయ్య విప్పి ఇచ్చిన మొలతాడును ముద్ద పసుపులో నానబెట్టి, ఆరాక కందుల డబ్బాలో పొద్దంతా పూడ్చి ఉంచింది. కుజుడి కోపం చల్లారాలి, ఆ గుంట దిష్టి తగలకూడదు, తను బతికే ఉన్నట్టు మొగుడి నడుముకు గుర్తుండాలి. మూడూ ఒక్క దారంతోనే కానిచ్చేసింది. కంపెనీవాళ్ళు పైన తొడుక్కునే బట్టలు ఇస్తారు గానీ లోపలి డ్రాయరు ఎవరిది వాళ్ళదే కదా. అన్నయ్య డ్రాయర్లన్నిటికీ నడుం మడతలో ఆ దారాన్ని ముక్కలు చేసి లోపలగా కుట్టేసింది. కంటికి కనపడకుండా చిన్న చిన్న కుట్లు వేసింది. మా వదిన కుట్టు చాలా బాగుంటుంది, ఆ మాట ఒప్పుకోవాలి.

ఆ మర్నాటి నుంచి ఆమె మొహం వెలిగిపోయింది. అన్నయ్య పనికి వెళ్తుంటే గుమ్మందాకా వచ్చి నవ్వేది. దేవుడు ఆమెకు బుద్ధిచ్చాడు కాబోలు అనుకున్నాను నేను.

ఒకరోజు సాయంత్రం నేను వెళ్ళేసరికి అన్నయ్య ముందుగదిలో చెప్పులు కూడా విప్పకుండా కూర్చుని ఉన్నాడు.

"ఏమైంది అన్నయ్యా?"

"సెయ్యి ఆగిపోనాది" అన్నాడు.

మెల్లగా కూడదీసుకుని చెప్పాడు. రోజలిన్ పత్తి పుల్లతో మణికట్టు లోపలి అంచు మీద తీసిన దాంట్లో పురుగు పుట్టింది. స్పిరిట్టుతో తుడిచారు, చావలేదు. చేతిని వేడి పెట్టెలో పెట్టారు, మళ్ళీ పుట్టింది. ఆ పురుగును వేరే ఊరి ల్యాబుకు పంపితే, గాలి లేని గదిలో పెట్టారట, మంచుకంటే చల్లగా ఉంచారట, కుజుడి మీద ఎండ లాంటి దీపం కింద ఎండబెట్టారట. కొన్ని చచ్చాయి, కొన్ని చావలేదు. అది ఎక్కడి నుంచి వచ్చిందో తేలకపోతే ఈ చేతిని పక్కన పడేసి, ఇంకెవరో చేసిన చేతిని బండికి తగిలిస్తారట.

"పీడా పోయినాది" అంది వదిన వంటింట్లోంచి. ఆమె గొంతులో సంతోషం దాగలేదు. "పోతే పోనాదిలే మావా. కాళ్ళు కడుక్కో, సేపల ఏపుడు సేసినాను."

అన్నయ్య కదలలేదు. ఆయన మొహం చూసి నాకు భయం వేసింది. మా అమ్మ పోయిన రోజు కూడా అలా లేడు.

"ఎక్కడి నుంచి వచ్చిందంటున్నారు?" అని అడిగాను.

"ఆ రోజలిన్ పిల్ల సేతిలోంచి అంటన్నారు. దానమ్మ రత్నమణి గోపాలపట్నంలో మసాలా పొడులు కొట్టి అమ్ముతాదంట. ఆ మసాలాలో పురుగే ఈ పిల్ల సేతికి అంటుకుని బండి సేతి మీదికొచ్చినాదని సారు తేల్చీసినాడు. రేపటితో దాని ఉద్యోగం ఆఖరు." అన్నయ్య లేచి నిలబడ్డాడు. "ఆ పిల్ల కాదంటన్నాది. ఏడుత్తన్నాది. ఎవులూ ఇనట్లేదు." ఆ మాట అని, కాళ్ళు కడుక్కోకుండానే బయటికి వెళ్ళిపోయాడు.

నేను వదిన వైపు తిరిగాను. గరిటె పట్టుకుని వంటింటి గుమ్మంలో నిలబడి ఉంది. మొహంలో సంతోషం ఎటు పోయిందో పోయింది.

"ఏటన్నాడు మీ అన్నయ్య? ఆ గుంట పురుగా?"

"ఆ పిల్లదేనంటున్నారు, విన్నావుగా."

"దానింటి మసాలా నా మొగుడు సేసిన సేతి మీద కూకుని కుజుడి కాడికెల్తాదా? గాల్లేకపోయినా సావకుండా, ఎండకి సావకుండా, దాని పురుగు అక్కడ ఉంటాదా ఎప్పుడూ?" గరిటె గోడకేసి కొట్టింది. "దానింటి మసాలా ఏటి? అది నాదే! నా పసుపు, నా కందులు!"

"ఏం కూస్తున్నావు వదినా?"

అప్పుడు చెప్పింది దారం సంగతి. "నీ అసాధ్యం కూల! ఇంత పని చేసి వేపుడు ఎలా వేయించావే!" అని తిట్టాను. ఎప్పుడూ వదినను ఏమే ఒసే అనలేదు, ఆ పూట అనేశాను. మరి ఇప్పుడు నోరు విప్పితే అన్నయ్యను ఆ గదిలోంచి గెంటేస్తారు. విప్పకపోతే ఏ పాపమూ ఎరగని పిల్ల వీధిన పడుతుంది. ఇదంతా ఆమెకు విడమరిచి చెప్పాను.

"నాకు తెల్దేటి?" అంది. "రేపు పొద్దున్న నువ్వు నాతో రా."

ఇక్కడ నేను వదినను పొగడదల్చుకోలేదు. పరాయి పిల్ల మీద జాలితో వెళ్ళిందని ఎవరైనా అంటే నమ్మకండి. ఆ పురుగు ఇంకో ఆడదానిదని పదిమందీ అనుకోవడం ఆమెకు గిట్టలేదు, అందుకని వెళ్ళింది.

పొద్దున్నే అన్నయ్య డ్యూటీకి వెళ్ళగానే ఆటో ఎక్కాం. వదిన ఒళ్ళో సంచి, సంచిలో పసుపు డబ్బా, కందుల డబ్బా, కవర్లో చుట్టిన డ్రాయరు. గాజువాక దాకా ఆ సంచిని పొట్టకు అదుముకునే కూర్చుంది. ఆటోనగర్ గేటు దగ్గర వాచ్‌మన్ ఆపితే, "జగ్గారావు పెళ్ళాన్ని. ఆ పురుగు నాదని సెప్పు మీ సారుకి" అంది. వాచ్‌మన్‌ ఏమీ అర్థం కాక లోపలికి పంపించేశాడు.

సారు పేరు గుణశేఖర్. గదిలో ఆయన ఎదురుగా రోజలిన్ తలొంచుకుని నిలబడి ఉంది, చేతిలో బ్యాగు సర్దుకునే ఉంది. వదిన ఎవరినీ అడగకుండా బల్ల మీద సంచి బోర్లించింది. ఆయన ముందు డ్రాయరు పడేసరికి పాపం ఆ పెద్దమనిషి కుర్చీ వెనక్కి జరుపుకున్నాడు.

వదిన దారం ఎలా నానబెట్టిందీ, ఎక్కడ పూడ్చిందీ, ఎలా కుట్టిందీ చెప్పింది. సిగ్గుపడలేదు. కుట్లు వేలుపెట్టి చూపించింది. రోజలిన్ మొదట నోరు తెరుచుకుని విన్నది. తర్వాత బ్యాగులోంచి పత్తి పుల్ల తీసి డ్రాయరు మడతలో రాసింది, కందుల్లో రాసింది, పసుపులో రాసింది.

"పరీక్ష చేసి చెప్పాలి సార్. కానీ ఇదే అయ్యుంటుంది" అంది. కళ్ళు తుడుచుకుంది. "గోనెసంచి దుమ్ములో, పొలం మట్టిలో, పసుపులో ఇవి ఉంటాయి. బట్టలు మార్చుకునేటప్పుడు నడుం దగ్గర చెయ్యి తగులుతుంది, ఆ చేత్తోనే గ్లవ్స్ తొడుక్కుంటారు. థ్యాంక్స్ ఆంటీ. నాకోసం ఇంత దూరం..."

"నీ కోసం రానేదు నాను" అంది వదిన ఠక్కున. "ఏడవకు. కాటుక కారిపోతన్నాది."

గుణశేఖర్ గారు అన్నయ్యను పిలిపించాడు. అన్నయ్య లోపలికి వచ్చి, బల్ల మీద ఉన్నవీ, మమ్మల్నీ చూసి గుమ్మం దగ్గరే ఆగిపోయాడు.

"ఒక్కటి చెప్పండమ్మా" అన్నాడు గుణశేఖర్ గారు వదినతో. "ఇది జగ్గారావు గారికి తెలుసా?"

"తెల్దు బాబూ. అమ్మతోడు తెల్దు. పడుకున్నాక కుట్టీసినాను. ఆయన అమాయకుడు. తప్పు నాది, నన్నేటన్నా సెయ్యండి."

గుణశేఖర్ గారు తేలిగ్గా ఊపిరి వదిలాడు. "తెలియక జరిగితే ఆయన తప్పు కాదు. చేతిని విప్పి, శుభ్రం చేసి, మళ్ళీ వేడి పెడతాం. రెండు వారాలు బయట ఉండి రండి జగ్గారావు గారూ. ఆ మణికట్టు మీరే బిగించాలి, మీలాంటి చెయ్యి మా దగ్గర ఇంకోటి లేదు."

నేను లోపల లోపల దేవుళ్ళందరికీ దండాలు పెట్టుకున్నాను. రోజలిన్ నవ్వింది. అంతా సర్దుకుంది, ఇంటికి పోవడమే అనుకున్నాను.

"తెలుసు సార్" అన్నాడు అన్నయ్య.

ఎవరికీ అర్థం కాలేదు.

"మొదట్నించీ తెలుసు. ఏసుకున్న దినమే కుట్టు సేతికి తగిలినాది. తెలిసే ఏసుకొచ్చినాను. దారమే గదా, దారంలో పురుగేటుంటాదిలే అనుకున్నాను. ఈ పిల్ల అందర్నీ అడిగినప్పుడు నా కాడేటీ నేదని సెప్పినాను." రోజలిన్ వైపు తిరిగాడు. "తల్లీ, నీకు అన్యాయం సేసినాను."

గుణశేఖర్ గారి మొహం మాడిపోయింది. "మీరా? ఆ చెయ్యంటే ప్రాణం పెట్టే మనిషి మీరు. ఎందుకు చేశారీ పని?"

అన్నయ్య నేల చూపులు చూశాడు.

"మొలతాడు తీసీసిన నాడు నా పెళ్ళాం బువ్వ తిననేదు సార్. నాను సచ్చిపోనానా అని ఏడిసినాది. ఆ సెయ్యి నాకు పేణమే. గానీ అది ఏడవదు గదా."

పెళ్ళయిన నాటి నుంచీ ఈ మాట కోసమే కాదూ మా వదిన స్కూటరు మీదా, ఫోను మీదా, చచ్చిన అత్తగారి మీదా కుళ్ళి కుళ్ళి చచ్చింది! విన్నాక పొంగిపోవాలా వద్దా? పొంగలేదు. లేచి వెళ్ళి రెండు చేతులతో ఆయన భుజం మీద దబదబా బాదింది.

"ఎందుకు సెప్పినావు మావా! తెల్దని నాను సెప్తన్నాను గదా, నోరు మూసుకోనేకపోనావా! బాబూ, ఈయన అబద్దం ఆడతన్నాడు. ఈయనకేటీ తెల్దు. ఈయన్ని లోపలికి పంపండి బాబూ. నాను పుట్టింటికెల్పోతాను, ఈయన జోలికి రాను, ఆ సెయ్యి ఎల్లిందాకా ఈయన మొకం కూడా సూడను. ఈయన్నే బిగించనియ్యండి."

"విన్న మాట విననట్టు ఎలా ఉండనమ్మా?" అన్నాడు గుణశేఖర్ గారు. కోపంగా అనలేదు, అదే బాధ. అన్నయ్యకు ఇక ఆ గదిలోకి అడుగుపెట్టే వీల్లేదు. బయట షెడ్డులో మామూలు పని ఇస్తారు. మణికట్టు సాయిశంకర్ అనే కుర్ర ఫిట్టరు బిగిస్తాడు. రోజలిన్‌ను బ్యాగు లోపల పెట్టి పనిలోకి రమ్మన్నారు.

అన్నయ్య ఒక్కటే అడిగాడు, విప్పేటప్పుడు అద్దం ఇవతల నిలబడి చెప్పనివ్వమని. సరేనన్నారు. ఆ మధ్యాహ్నమే విప్పడం మొదలుపెట్టారు. అన్నయ్య మైకు నోటి దగ్గర పెట్టుకుని, "నెమ్మది... ఆగు... ఎడం పక్క ముందు వొదులు సెయ్యి" అంటున్నాడు. ఖాళీగా ఉన్న చెయ్యి గాలిలో తిరుగుతోంది.

"పద వదినా, పోదాం" అన్నాను. కదల్లేదు. అద్దానికి ముక్కు ఆనించి లోపలికి చూస్తోంది.

"సూడు సత్యా, ఆ గుంటడు ఎలగ పట్టుకున్నాడో దాన్ని. ఆడి సొంత సొమ్ములాగ!"

"మరి వాడేగా ఇప్పుడు బిగించాల్సింది."

"ఆడెవడు బిగించడానికి? అది మా ఆయన సెయ్యి." కళ్ళ నీళ్ళు అద్దం మీద పడి జారుతున్నాయి, తుడుచుకోలేదు. "ఆడి సేతులిరిగిపోను" అంది. అని, వెంటనే నాలుక కరుచుకుంది. "ఇప్పుడు కాదు సామీ. బిగించీసినాక."